నాన్న అమ్మిన సెలవులు

మా నాన్న ఫైర్‌మ్యాన్, అమ్మ సర్కారు బడిలో టీచరు. ఏటా ఒక నెల నాన్న జీతం మామూలు కంటే ఎక్కువ వచ్చేది. ఆరో తరగతిలో ఉండగా అదేమిటని అడిగాను.

"పదిహేను దినాల లీవు సర్కారుకు సరెండర్ చేసిన. వాడుకోకుంటె పైసలిస్తరు," అన్నాడు నాన్న.

అంటే సెలవులు అమ్ముకోవచ్చన్నమాట! మరి కొన్న సెలవుల్ని సర్కారు ఏం చేసుకుంటుంది? ఎక్కడ దాస్తుంది? రెండు రోజులు నాకు ఇదే ధ్యాస. నీ వేసవి సెలవులు కూడా అమ్మెయ్యొచ్చుగా అని అమ్మను అడిగితే, "నావి ఎవరు కొంటారే? ఊరికే ఇచ్చినవాయె," అంది తన గుంటూరు యాసలో.

నిజానికి నాకు కావలసింది వేరే. కార్ఖానా బస్తీలోని మా చర్చిలో పిల్లలం ఏటా క్రిస్మస్ నాటిక వేసేవాళ్లం. డ్యూటీ వల్ల నాన్న ఒక్క ఏడు కూడా చూడలేదు. ఆసారి నాది దేవదూత వేషం. అమ్మేసిన వాటిలో ఒక్క రోజు తిరిగి కొంటే సరిపోతుంది కదా! నా తెలివికి నేనే మురిసిపోయి, డబ్బులు దాచుకున్న గల్లాగురిగి పగలగొట్టి, చిల్లరంతా రుమాల్లో మూటగట్టుకుని, బడి వదలగానే ఫైర్ స్టేషన్‌కు వెళ్లాను.

"ఏందమ్మా గిది?" అన్నాడు నాన్న పైఅధికారి, మూట చూసి.

"మా నాన్న లీవు ఒక్క దినం వాపస్ కొంట సార్."

ఆయన నవ్వలేదు. ఏ రోజుకో అడిగి రాసుకున్నాడు. "పైసలు నీ తాననే ఉంచుకో. ఆ దినం ఇంకొకరిని పెడ్త."

నాటికకు నాన్న వచ్చాడు! ఇస్త్రీ చొక్కా వేసుకుని అమ్మ పక్కన ముందు వరుసలో కూర్చున్నాడు. నేను కాగితం రెక్కలు కట్టుకుని, కొవ్వొత్తి పట్టుకుని, నా మాటలన్నీ ఆయన వైపే చూస్తూ చెప్పాను. ఆయన మాత్రం నా చేతిలోని మంటనే చూస్తున్నాడు. బెంచీ అంచుకు జరిగి, లేవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎక్కడ సంపాదించాడో, కాళ్ల దగ్గర ఇసుక బకెట్టు కూడా పెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లడానికి నేరేడ్‌మెట్ బస్సు కోసం నిలబడ్డప్పుడు, "ఎట్ల చెప్పిన నాన్నా?" అని అడిగాను.

"ఏం చెప్పినవో ఇనలే బిడ్డా. ఆ కొవ్వొత్తి ఆర్పేదాక నా పానం పానంల లేదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కోపం కూడా వచ్చింది. బస్టాపులో అందరి ముందూ, రెక్కలూ కొవ్వొత్తీ లేకుండా, మొదటి నుంచి మొత్తం మళ్లీ చెప్పాను. ఈసారి నాన్న నా మొహమే చూశాడు.