దిగని ఎరుపు

టైలరమ్మ కూతురికి చిన్నప్పటి నుంచీ కిడ్నీ జబ్బు. ఒంటికి ఎప్పుడు నీరు పట్టి ఉబ్బుతుందో తెలియదని పిల్ల పైజామాలకు ఎలాస్టిక్ వేయదు, బొందే పెడుతుంది. మొన్న జ్వరమొచ్చి కాళ్ళూ చేతులూ ఉబ్బగానే, "పాత చుట్టమేలే," అని బొందు వదులు చేసి ఉప్పు మానిపించింది. పిల్ల పెదాలు ఎర్రగా మెరుస్తుంటే, "నా లిప్‌స్టిక్ మీద పడ్డావటే, దొంగా," అంటూ తడిగుడ్డతో తుడిచింది. గుడ్డకు రంగు అంటలేదు. గట్టి రంగే అని నవ్వుకుని మిషన్ ముందు కూర్చుంది.

మర్నాటికి పిల్ల కళ్ళు తేలేసింది.

"ఈసారి కిడ్నీ కాదమ్మా," అంది ఆసుపత్రిలో డాక్టరు. "పోయిన నెల జలుబు చేసిందన్నారే, ఆ వైరస్ పోయింది. దాని మీద పోరాడిన ఒళ్ళు మాత్రం ఆగలేదు, తన మీదే తిరగబడింది. గుండెకు వాపొచ్చింది. కాళ్ళూ చేతులూ ఉబ్బిందీ, పెదాలు అంత ఎర్రబడిందీ ఈ తిరుగుబాటు వల్లే. మీరు చూడలేదా?"

"జలుబు తగ్గిపోయింది కదండీ," అంది టైలరమ్మ. "బడికి కూడా వెళ్ళింది."

గాజు తలుపు అవతల నర్సు పిల్ల పెదాలను తడి దూదితో అద్దుతోంది. ఆ దూదికి కాస్త రంగైనా అంటకపోతుందా అని టైలరమ్మ కళ్ళార్పకుండా చూసింది. దూది తెల్లగానే వచ్చింది.