పాత పెట్టె పాస్‌వర్డ్

ఒడిశాలోని గుడారిలో మా స్కూలు ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చిన రోజున అందరూ వచ్చి చూసి వెళ్లారు. దాన్ని పాత ప్రింటర్‌తో కలిపే పని మాత్రం నా నెత్తిన పడింది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ గుమాస్తాను. ఏది మొరాయించినా చూపులన్నీ నా మీదికే తిరుగుతాయి. నాకు ఓపిక అయిపోయింది గానీ పని అయిపోలేదు.

మా టీసీ ఫారం మూడు పొరల కార్బన్ కాగితం. సూదులతో టకటకా గుద్దే ఆ పాత ప్రింటర్ మీద తప్ప అచ్చవదు. దాని లావుపాటి వైరు పెట్టడానికి కొత్త కంప్యూటర్లో చోటే లేదు. ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపేది సబ్బుపెట్టెంత ప్రింట్ సర్వర్ ఒక్కటే. కంప్యూటర్‌తో పాటే వచ్చిన కొత్త రౌటర్ ఐపీ నంబర్ల వరస వేరు కాబట్టి ఆ పెట్టె నంబరూ మార్చాలి. మార్చబోతే పాస్‌వర్డ్ అడిగింది. రీసెట్ బొత్తాం ఎప్పుడో విరిగి లోపలికి పోయింది.

బయట బల్ల మీద ఒక పిల్ల పొద్దున్నుంచి టీసీ కోసం కూర్చుని ఉంది. కోరాపుట్‌లో నర్సింగ్‌లో చేరడానికి మర్నాడే ఆఖరి రోజు. టీసీ లేకుండా చేర్చుకోరు.

"మేడమ్, మూడున్నర బస్సుకి అందుతాదా?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారి కసురుకున్నాను.

ఆ ప్రింట్ సర్వర్ పెట్టించింది మా పాత హెడ్‌క్లర్కు గారు. రిటైరై రాయగడలో ఉంటున్నారు. ఫోన్ చేసి పిల్ల సంగతి, బస్సు సంగతి అంతా చెప్పాను.

"దాని పాస్‌వర్డ్ ఏటండి?"

"ఏటి."

"పాస్‌వర్డండి, ప్రింటర్ పెట్టెది."

"ఏటి."

చెవుడు వచ్చిందనుకుని గట్టిగా అరిచాను. మళ్లీ అదే మాట. విసుగెత్తి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక తట్టింది. ప్రశ్న అడిగే మనిషి గొంతు చివర కాస్త లేస్తుంది. ఆయన గొంతు మూడుసార్లూ లేవలేదు. మా ఇళ్లలో ‘ఏమిటి’కి బదులు రోజుకు వందసార్లు అనే ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. మొదట ‘ఇ’ (E) అక్షరంతో మొదలుపెట్టి కొట్టాను, కాదంది. దాని ముందు ‘వై’ (Y) చేర్చాను, తెరుచుకుంది. నవ్వు రావలసిన చోట నాకు ఏడుపొచ్చింది.

నంబరు మార్చి, అదే నంబరు కంప్యూటర్‌కు ఇచ్చి, ప్రింటర్‌ను నడిపే సరైన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వెతికి పెట్టేసరికి మూడూ ఇరవై అయింది. టీసీ అచ్చు తీసి, సంతకం, ముద్ర వేయించి కాగితం పిల్ల చేతిలో పెట్టాను. పరుగెత్తింది. నేను కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాను.

కాసేపటికి పెద్దాయన మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశానని గుర్తొచ్చి సిగ్గేసింది. మళ్లీ చేసి ఏమీ అనుకోవద్దన్నాను. ప్రింటర్ కదిలిందని, ఇంకో ఐదేళ్లు ఢోకా లేదని, నేను పడ్డ పాట్లన్నీ చెప్పుకుపోయాను.

ఆయన అంతా విన్నారు.

"మంచిదమ్మి. ఆ పిల్లకి బస్సు అందిందా?" అన్నారు.

బస్సు ఆగేది మా గేటు ఎదుటే. నేను లేచి చూడనేలేదు.