చిన్నాయన పింఛను

ఆయనకు ముందుచూపు లేదని ఇంకోసారి అనకండి. మా చిన్నాయన ఊరొదిలి వచ్చి బమ్రోలి మిల్లులో మరమగ్గం నడుపుతాడు. రెండు మూడేళ్లకోసారి కాగితం మీద పని మానేసినట్టు చూపి, జీతంలో కోసిన పీఎఫ్, పింఛను సొమ్ము మొత్తం తీయించుకునేవాడు. కూతురి ఫీజు కోసమే. దరఖాస్తు పెట్టమని ఫోన్‌ను చొక్కా అంచుతో తుడిచి మరీ నా చేతికిచ్చేవాడు.

"గిట్ల తీస్తే ముసలితనంల పింఛను రాదు చిన్నాయనా!"

"అప్పటిదాంక కాలేజోళ్లు ఆగుతరా? జర నొక్కు బిడ్డా."

తిట్టుకుంటూనే నొక్కేదాన్ని.

మొన్న పీఎఫ్ ఆఫీసులో, తీసిన ప్రతిసారీ లెక్క మొదటికొచ్చి పదేళ్ల సర్వీసు కూడలేదని, పింఛను రాదని తేల్చేశారు. చిన్నాయన ఆయాసంతోనే మళ్లీ షిఫ్టుకు వెళ్లాడు. కూతురు ఈ నెలే నర్సుగా చేరింది.

ఆ పిల్ల చదువు మాన్పించి పింఛను దాచుకోవాల్సిందని నా ముందుకొచ్చి అనగలరా?