ముందే కప్పిన శాలువాలు

మొన్న శనివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే తలుపు చప్పుడైంది. తీసి చూద్దును కదా, మా వీధి చివరింట్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళ అమ్మాయి, చలికి ముక్కు ఎర్రబడి, చేతిలో కరపత్రాలతో నిలబడి ఉంది. "ఆంటీ, నేను స్కూల్ బోర్డ్‌కి రన్ చేస్తున్నా. నాకు ఓట్ వేస్తారా?" అని తనకొచ్చిన తెలుగులో అడిగింది. లోపలికి రమ్మంటే రాలేదు, ఇంకా బోలెడిళ్ళు తిరగాలట. ఆ పిల్ల పక్కింటి మెట్లెక్కుతుంటే నాకు మా తోటికోడలు గుర్తొచ్చి, చేతిలో కాఫీ చల్లారేదాకా గుమ్మంలోనే ఉండిపోయాను.

మా మరిది భార్య ఆవిడ. డెట్రాయిట్ పక్కన ఈ ఊరికి మేమంతా కార్ల కంపెనీల ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళమే. ఒక చలికాలం స్కూలు బస్సులు మా లోపలి వీధుల్లోకి రావడం మానేస్తే, పిల్లలు ఆ మంచులో పెద్ద రోడ్డుదాకా నడిచేవారు. మేమందరం ఇళ్ళల్లో కూర్చుని గొణుక్కుంటుంటే ఆవిడ వెళ్ళి స్కూళ్ళు నడిపే బోర్డు మీటింగులో అడిగింది. వాళ్ళు వినీ విననట్టు ఊరుకునేసరికి, తర్వాతి ఎన్నికల్లో తనే నిలబడింది. మనకెందుకమ్మా ఈ రాజకీయాలు అన్నవాళ్ళే గానీ వెంట వచ్చిన తెలుగువాడు ఒక్కడూ లేడు. నేను కారు నడపడం, ఆవిడ దిగి తలుపులు తట్టడం, ఇదే పని. కుక్కలు మొరిగేవి, కొందరు కర్టెన్ సందులోంచి చూసి తలుపు తీసేవారు కాదు. అయినా గెలిచింది, బస్సులు మళ్ళీ వచ్చాయి. నా జీవితంలో అంత హాయిగా అలిసిపోయిన రోజులు మళ్ళీ లేవు.

గెలిచిన మర్నాటినుంచి ఆవిడ అందరికీ "మన ఆడపడుచు" అయిపోయింది. ఫ్రీవే అవతలి ఊళ్ళో పిల్లలు ఇంకా నడుస్తూనే ఉన్నారు, అది మారాలంటే రాష్ట్ర శాసనసభలోనే ఎవరైనా అడగాలి అని ఆవిడ ఈసారి అక్కడికి పోటీకి దిగిందో లేదో, నా ప్రాణానికి మొదలైంది. ఉగాదికి ముఖ్య అతిథి, బతుకమ్మకి ముఖ్య అతిథి, ఎవరిదో గృహప్రవేశం, ఆఖరికి బిర్యానీ హోటలు ప్రారంభోత్సవం. వెళ్ళినచోటల్లా ఒక శాలువా, ఒక బొకే, ఫోటోల కోసం వరస, మైకులో "కాబోయే ఎమ్మెల్యే గారు" అని కేకలు. ఇంకా ఓట్లే పడలేదు మహాప్రభో, ఈ సన్మానాలేమిటి అని నాకు ఒళ్ళు మండిపోయేది. నా కారు వెనక సీటంతా శాలువాలు, వాటి కింద పంచని కరపత్రాల పెట్టెలు.

ఆ ఫ్రీవే అవతల ఒక తెల్లావిడ ఉండేది, రిటైరైన నర్సు. బస్సు లేక ఆవిడ మనవడు కూడా నడిచేవాడే. పోలింగుకు ముందు శనివారం మధ్యాహ్నం రండి, మా వీధి వీధంతటినీ మా ఇంట్లో కూర్చోబెడతాను అంది. సరిగ్గా ఆ రోజే మనవాళ్ళ దీపావళి వేడుక. "పది నిమిషాలే మేడమ్, ఇలా వచ్చి దీపం వెలిగించి అలా వెళ్ళిపోండి" అని ప్రాణం తీశారు. దీపం వెలిగింది, పిల్లల డాన్సులయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి, శాలువా మాత్రం రాదు! లేచి పోదాం పద అని నేను గిల్లితే, "బాగుండదక్కా, నొచ్చుకుంటారు" అని కూర్చునే ఉంది. ఆ శాలువా భుజాన పడి, ఫోటోలు ముగిసి, మేం ఫ్రీవే దాటేసరికి చీకటి పడిపోయింది. నర్సమ్మ తలుపు తీసింది. వెనకాల గదినిండా ఖాళీ కుర్చీలు, బల్లమీద సగం తాగిన ఆపిల్ సైడర్ కప్పులు. మీకోసం చాలాసేపు చూశారు, వెళ్ళిపోయారు అంది. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఒక హాలు నిండే మనుషులంత తేడాతో మా తోటికోడలు ఓడిపోయింది. ఆ దీపావళి హాల్లో సగంమంది వీసాల మీద ఉన్నవాళ్ళు, ఓటు లేదు పాపం, వాళ్ళననడానికేముంది. ఓటున్న పెద్దమనిషి, స్వయానా ఆ శాలువా కప్పినవాడు, తర్వాత మా ఇద్దరికీ కూరగాయల కొట్లో కనబడి, "మీరెలాగూ గెలుస్తారని నేను వెళ్ళలేదు మేడమ్" అన్నాడు. ఆవిడ నవ్వింది. నేను కొన్న సామానంతా అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఆవిడ మళ్ళీ దేనికీ నిలబడలేదు.

ఇవాళ మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. మొన్న నా తలుపు తట్టిన ఆ అమ్మాయిని దీపావళికి ముఖ్య అతిథిగా పిలిస్తే రానందట. పొగరట, ఇక్కడ పుట్టిన పిల్లలకి పెద్దంతరం చిన్నంతరం లేదట. వెంటనే మా తోటికోడలికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది.

"ఏమని చెప్పిందక్కా?"

"సారీ అంకుల్, ఆ రోజు నాకు డోర్స్ ఉన్నాయి, ఓట్లకి ఇళ్ళు తిరగాలి, అందిట."

"అంతేనా?"

అంతే. శాలువా కప్పబోతే తల వంచడం మా తరానికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆ నాలుగు ముక్కలు అనడానికి మాత్రం మాకు నోరు పెగల్లేదు, అవతల ఒక వీధి వీధంతా కుర్చీల్లో కూర్చుని మాకోసం ఎదురు చూస్తున్నా సరే.