ఆసియా భాషల మేడం

శ్రీకాకుళంలో బస్సు దిగుతుండగా ఫోన్ వచ్చింది. మా మేడం పోయారట. కాలేజీలో మాకు ఆసియా భాషలు, సంస్కృతులు చెప్పిన మేడం. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, దాచుకోను కూడా.

డిగ్రీలో జపనీస్, ఇండోనేషియన్ తీసుకున్నానంటే మా మావ పగలబడి నవ్వాడు. "కంప్యూటర్లు సదవకండా అదేటి సదువే? అక్కడోలకి సేపలమ్ముతావేటి?" అన్నాడు.

మేడం పాఠం చెప్పే తీరే వేరు. ఏ దేశపు ఆచారం చెప్పాలన్నా, ముందు మా ఇళ్ళలో అదే పని ఎలా చేస్తారో అడిగి రమ్మనేవారు. కొత్త పడవను నీళ్ళలోకి దించే పాఠం వచ్చింది. మాది చేపల వేట మీద బతికే ఇల్లే, అయినా నేను ఎవరినీ అడక్కుండా వెళ్ళాను.

"మాకేటి సంస్కృతి మేడం, సేపలు పట్టుకుంతాం" అన్నాను.

"ఒసే, మీ నాన్న పసుపు రాయకండా పడవని సంద్రంలోకి దించుతాడేటి? ఎల్లి మీ అమ్మనడుగు. నీ ఇల్లు నీకు తెలకపోతే జపానోలిల్లు నీకేటి తెలుస్తాది?"

అమ్మ చెప్పినదంతా మర్నాడు క్లాసులో చెప్పాను. మేడం తన కుర్చీ నాకిచ్చి, బెంచీ మీద కూర్చుని విన్నారు. మా అమ్మ మాటను పాఠంగా విన్న పెద్దమనిషి నాకు ఆవిడ తర్వాత తగల్లేదు.

ఉద్యోగాలు రావడం లేదని, మేం చివరి ఏడాదిలో ఉండగా కోర్సు ఎత్తేస్తామన్నారు. మేడం పోట్లాడి మా చేత పరీక్షలు రాయించారు. ఆ తర్వాత ఆవిడను స్పోకెన్ ఇంగ్లీషుకు మార్చారు. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే. "మా గది ఎవులికీ ఇవ్వకండి. మళ్ళీ పిల్లలొస్తారు." కిందటేడు మంచం పట్టేదాకా, అడ్మిషన్ల రోజుల్లో ఆ గది తానే తుడిచి తలుపు తీసి కూర్చునేవారు.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక కాలేజీ పెద్దాయన "తీరని లోటు" అన్నారు. కోర్సు ఎత్తేసి వాళ్ళే తెచ్చిపెట్టుకున్న లోటు. సంతాప సభ అయినా ఆ గదిలో పెట్టమని అడగడానికి మర్నాడు కాలేజీకి వెళ్ళాను. అది కాలేజీ బస్సుల ఆఫీసయింది.

"మేడం మంచాన పడ్డాక మాకిచ్చీసినారమ్మా" అన్నాడు గుమస్తా.

లోపల గోడ మీద మేడం మా చేత వేయించిన ఆసియా పటం చెరగకుండా ఉంది. దాని నిండా మేకులు కొట్టారు. జపాన్‌కి రాజాం బస్సు తాళం, జావాకి గరివిడి బస్సు తాళం వేలాడుతున్నాయి.