ఆల్బమ్ విడుదల, నా విడుదల

మస్కట్‌లోని వాడి కబీర్‌లో మా ఫ్లాట్ గోడలు పలుచన. అమ్మ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. పన్నెండో తరగతి కాగానే నన్ను గుంటూరు హాస్టల్లో వేసి నర్సింగ్ చదివించాలని తీర్మానమైపోయింది. నన్నెవరూ అడగలేదు. కోపమొస్తే అరవడానికైనా చోటు లేని ఇల్లది.

ఆ అరుపు నాకు స్కూల్ బస్సులో దొరికింది. పక్కన కూర్చునే స్నేహితురాలు ఒకరోజు తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. మేం పుట్టకముందు వచ్చిన పంక్ రాక్ ఆల్బమ్. పాడేవాడి గొంతు బాగోదు, ఆ సంగతి దాచుకోవాలన్న సిగ్గూ లేదు. ఆ ఏడాది బస్సులో సగంమంది అమ్మాయిలకు అదే పిచ్చి. బూట్ల మీద మార్కర్ రాతలు, సొంతంగా కత్తిరించుకున్న జుట్టు. మలయాళీలు, తమిళులు, తెలుగువాళ్ళం మేమిద్దరం, అందరికీ ఒకటే కోపం. చర్చి క్వయర్లో నేర్చిన గిటారు కార్డులతోనే ఆ పాటలన్నీ వాయించవచ్చని మేమిద్దరం కనిపెట్టాం. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

అమ్మ నా జుట్టు చూసి, ఇయర్‌ఫోన్ లాక్కుని వింది.

"ఏంటే ఈ కేకలు, దెయ్యం పట్టినోళ్ళలాగా?"

తిట్టి ఊరుకున్నా పోయేది. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, చర్చి ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడింది. "మా పాపని ఏవో లోకపు పాటలు పట్టుకున్నాయండి. విడుదల కలగాలని ప్రార్థన చెయ్యండి."

"ఆ ఆల్బమ్ విడుదలై ఇరవై ఏళ్ళు దాటిందమ్మా," అన్నాను కారులో. నవ్వింది నేనొక్కదాన్నే.

ప్రార్థన చేయించుకున్నాక జవాబొచ్చిందని చెప్పాలి, మా సంఘంలో అది ఆచారం. రాకపోతే తప్పు ప్రార్థనది కాదు, తల్లిది. ఆంటీలు వారం వారం "పాప మారిందా?" అని అడిగేవారు. డ్యూటీలతో నలిగిన మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు. వంటింట్లో అమ్మ ఏడుస్తుంటే చూడలేక, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాను. "లోకపు పాటల నుంచి నాకు విడుదల కలిగింది." హాలంతా ఆమెన్ అంది. అమ్మ ముఖం వెలిగిపోయింది, నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీలే, ఈ ఒక్క అబద్ధంతో ఇంట్లో శాంతి ఉంటుంది, బస్సులో మా ఇద్దరికీ మా పాటలుంటాయి అనుకున్నాను.

నా సాక్ష్యం ఆంటీలకు తెగ నచ్చింది. స్నేహితురాలి వాళ్ళమ్మ ఇంటికెళ్ళి కూతురి ఫోను లాక్కుని, గిటారు ఎవరికో ఇచ్చేసింది. "ఆ పిల్లని చూసి నేర్చుకో" అందట. ఆ మాట నాకు చెప్పి, నా స్నేహితురాలు బస్సులో వేరే సీటుకు వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం ఆరాధనలో మైకు నా స్నేహితురాలి చేతిలో ఉంది. నా వాక్యాన్నే, ఒక్క మాట మార్చకుండా, నన్నే చూస్తూ చెప్పింది. హాలంతా ఆమెన్ అంది.

అమ్మ మోచేత్తో పొడిచింది. "ఆమెన్ అనవే."

అన్నాను.