తడి మీద నిలవడకు బిడ్డా

మొన్న ఫోన్ వచ్చేసరికి నేను మల్యాలలో ఒకరింటి కిటికీకి గ్రిల్ అతుకుతున్నాను. మా పక్కింటి ఆమె గొంతు. "అక్కా, యాడున్నవ్? జల్ది రా. మీ మామ లేస్తలేడు." లేవకపోవడమంటే ఏమిటని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మెషిన్ బంద్ చేసి ప్లగ్గు పీకాను. అతికిన ఇనుము చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. "పో అమ్మా, మేం చూసుకుంటం" అన్నారు ఇంటివాళ్లు. వేడి ఇనుమును వదిలి వెళ్లకూడదని నాకు నేర్పిన మనిషే అక్కడ కోరుట్లలో ప్రాణం లేకుండా ఉన్నాడు. ఆయన మాట ఆ రోజు తప్పబుద్ధి కాలేదు.

ఆయన నా భర్త తండ్రి. వయసులో ఉండగా సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేశాడు. అవి ఆగిపోతుంటే దుబాయి వెళ్లి వెల్డర్ అయ్యాడు. చాలా ఏళ్లకు తిరిగొచ్చాడు, ఆగని దగ్గుతో, సగం చూపు పోయిన కుడికంటితో. ఇంటి దగ్గర కొన్నాళ్లు వెల్డింగ్ చేసి, దగ్గు ఎక్కువై, మెషిన్‌ను గోనెసంచిలో చుట్టి మూలకు పెట్టేశాడు.

నా భర్తదీ సిరిసిల్ల మగ్గాల పనే. నెలలో సగం రోజులు ఖాళీ. "నాకు వెల్డింగ్ నేర్పు నాయినా" అని ఎన్నిసార్లు అడిగినా మామ వినిపించుకోలేదు. చివరికి నా భర్త ఒక ఏజెంటును నమ్మి, వెల్డర్‌నని చెప్పుకొని, పని రాకుండానే దుబాయి విమానం ఎక్కాడు. ఆర్నెల్లు కూడా తిరగలేదు. నీళ్లు నిలిచిన చోట నిలబడి వెల్డింగ్ చేస్తుంటే కరెంటు కొట్టిందన్నారు.

శవపెట్టె వచ్చిన రోజు గురించి ఎక్కువ రాయలేను. మామ ఏడవలేదు. వెంట వచ్చిన మనిషిని ఒక్కటే అడిగాడు. "వాని కాళ్లకు బూట్లున్నయా?" ఆ మనిషి తల దించుకున్నాడు.

నేను బీడీలు చేసేదాన్ని. కంపెనీ ఇచ్చే ఆకు తగ్గిపోతూ వచ్చింది. మా వాడకట్టులో ఒకామె ఇంటిపనికి కువైట్ వెళ్తుంటే, నేనూ పాస్‌పోర్టు తీసుకుంటానన్నాను. మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున లేచేసరికి గోనెసంచి విప్పి, మెషిన్‌ను వాకిట్లో పెట్టి, బూజు తుడుస్తున్నాడు.

"యాడికి పోకు బిడ్డా. గీడనే ఉండు. నేను నేర్పుత."

మొదటిరోజు ఇనుము ముట్టనివ్వలేదు. నా భర్త పాత చొక్కాలు తెమ్మని, ఒక్కో చొక్కా అంచు నుంచి దారం లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. ఒక దారం కరిగి ఆవగింజంత నల్లటి ఉండ అయింది. "గిది పాలిస్టర్. రవ్వ పడితే తోలుకు అతుకుతది." ఇంకోటి కాలి బూడిదైంది. "గిది నూలు. గిదేసుకో." మగ్గం మీద నేర్చుకున్నది ఆయనకు అలా పనికొచ్చింది. చీర మీద ఆ పొడుగుచేతుల చొక్కా వేసుకుని పనికి కూర్చోవడం అలవాటైంది. తర్వాత చీర కూడా మానేసి, నూలు ప్యాంటు, తోలు బూట్లు వేసుకున్నాను. వాడకట్టు నవ్వింది. మామ పట్టించుకోలేదు.

వారం తర్వాత ఒక తప్పు చేశాను. అతుకు సరిగ్గా పడుతుందో లేదోనని ముసుగుకున్న నల్లద్దం పక్కకు జరిపి చూశాను, అదీ నాలుగైదుసార్లు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టయింది. మర్నాడు మామ నన్ను జగిత్యాలలో కళ్ల డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్లాడు. దారి పొడుగునా తిడతాడనుకున్నాను. సగం దారిలో మెల్లగా అన్నాడు.

"నేర్పితే దుబాయి పోతడని వానికి నేర్పలే బిడ్డా. నేర్పకున్నా పాయె. తడి మీద నిలవడకురా అని ఒక్క మాటన్నా చెప్పకపోతి."

కళ్ల మీద తడిగుడ్డ ఉండడంతో నాకాయన ముఖం కనిపించలేదు. చెయ్యి చాపాను. ఆయన పట్టుకున్నాడు. బస్సు ఆగేదాకా వదల్లేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇంటి దగ్గర ఈ పని మొదలుపెట్టాలనుకుంటే, మామ మాటలు మీకూ చెబుతాను. ఎండిన చెక్క మీద నిలబడండి, చేతులకు ఎండిన తోలు గ్లౌజులు ఉండాలి. మూత బిగించిన డబ్బాను, ముందు ఏం పోశారో తెలియని డ్రమ్మును ముట్టుకోకండి. ఆరుబయటే చేయండి, పొగ ముఖం మీదికి రాకుండా కూర్చోండి. జింకు పూసిన పైపు దగ్గరికి ఆయన నన్ను పోనిచ్చేవాడు కాదు. "తెల్లపొగ లేసిందంటే ఇడిశిపెట్టు. నా దగ్గు గా పొగతోనే అచ్చింది." ఆ పైపులనే గాలి ఆడని గదుల్లో ఏళ్ల తరబడి అతికాడట.

ఒక వానాకాలం వేములవాడలో ఒక లాడ్జికి రెయిలింగు చేసే పని దొరికింది. అంత పెద్ద పని అదే మొదలు. గడువు దగ్గరపడింది, ముసురు ఆగడం లేదు. వాకిలంతా తడి. చెక్క వేసుకుని మొదలుపెట్టబోతే మామ దగ్గుకుంటూ వచ్చి ప్లగ్గు పీకి, మెషిన్ మీద కూర్చున్నాడు.

"లే మామా. పని ఇంకొకలకు పోతది."

"పోనీ బిడ్డా. పని ఇంకోటి అత్తది."

ఆ పని నిజంగానే వేరేవాళ్లకు పోయింది. కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, కంచం పెట్టి పక్కకు తిరిగేదాన్ని. ఆ రెండు రోజులు ఇప్పుడు తిరిగిస్తే బాగుండు.

చివరి ఏడాది నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను పనిచేస్తుంటే దూరంగా కుర్చీ వేసుకుని, ఆ వెలుగు కంటికి పడదు కాబట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. చూడకుండానే చెప్పేవాడు. "నూనెల బజ్జీలు ఏగినట్టు సప్పుడు రావాలె. ఇప్పుడు పటపటమంటున్నది, రాడ్డు కొంచెం దగ్గరికి పట్టు." చెవులతోనే నా చెయ్యి సరిచేసేవాడు.

పోయే ముందురోజు సాయంత్రం ఒక గేటుకు చివరి అతుకు వేస్తున్నాను. పొడుగాటి అతుకు. ఎక్కడా తెగకుండా ఒకే ఊపులో వచ్చింది. ముసుగు ఎత్తి చూస్తే మామ గోడవైపే తిరిగి ఉన్నాడు. కుర్చీ పక్క నుంచి కుడిచెయ్యి మాత్రం పైకి లేచి ఉంది, బాగుందన్నట్టు. ఎంతసేపటి నుంచి అలా ఎత్తి పట్టుకున్నాడో.